మొక్కజొన్నకు తడి, నత్రజని: దిగుబడిని నిర్ణయించే జంట లెక్క

దేశంలో వరి, గోధుమల తరువాత అత్యధికంగా పండే తృణధాన్యం మొక్కజొన్న. తెలంగాణలో మక్కలు అన్నా, ఉత్తరాదిన మక్కా అన్నా పంట ఒక్కటే. కోళ్ల దాణా, పిండిపదార్థ పరిశ్రమలకు తోడు పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీకి కూడా ఇటీవల దీని అవసరం పెరగడంతో సాగు విస్తీర్ణం ఏటేటా పెరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2025–26 సీజనుకు క్వింటాలుకు 2,400 రూపాయల కనీస మద్దతు ధర ప్రకటించింది. అయితే దిగుబడిలో భారత్ ఇంకా వెనుకబడే ఉంది. అమెరికాలో హెక్టారుకు సుమారు 11 టన్నులు పండుతుండగా మన జాతీయ సగటు మూడున్నర టన్నుల దరిదాపుల్లోనే ఉంది. ఇందుకు విత్తనాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. మన మొక్కజొన్న విస్తీర్ణంలో నాలుగింట మూడొంతుల వరకు వర్షంపైనే ఆధారపడి ఉంది. వేసిన ఎరువు పైరుకు అందుతుందా లేదా అన్నది ఆ వర్షమే తేలుస్తుంది.

నీరు, నత్రజని అనే రెండు అంశాలను విడివిడిగా చర్చించడం పరిపాటి. నీటిపారుదల ఒక శాఖ, ఎరువులు మరొక శాఖ చూస్తాయి కనుక కార్యాలయాల్లో ఆ విభజనకు అర్థం ఉంది. పొలంలో మాత్రం లేదు.

నత్రజని వేరును చేరే దారి

మొక్కజొన్న వేరు నత్రజనిని ప్రధానంగా నైట్రేట్ రూపంలో తీసుకుంటుంది. నైట్రేట్ నేలలోని నీటిలో కరిగి ఉంటుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ వేళ్లు మట్టిలోని నీటిని పీల్చుకుంటాయి, ఆ ప్రవాహంతోపాటే నైట్రేటూ వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం విషయంలో ఇలా జరగదు. అది మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది కనుక వేరే దాని దగ్గరకు పెరుగుతూ పోవాలి. నత్రజని నీటితో ప్రయాణించే పోషకం. పై పొర మట్టి ఎండిపోతే అందులో ఎంత యూరియా ఉన్నా పైరుకు అది లేనట్టే లెక్క. లోతుగా వెళ్లిన వేళ్లు కింది తేమతో మొక్కను బతికించగలవు గాని, పైన చల్లిన ఎరువును అందించలేవు. వర్షాభావంలో మొక్కజొన్న ఆకులు పాలిపోవడం చూసి మరో బస్తా యూరియా చల్లడం తరచూ కనిపించే పొరపాటు. అక్కడ లోపించింది ఎరువు కాకపోవచ్చు, దాన్ని మోసుకొచ్చే నీరు కావచ్చు.

దీనికి ఎదురు దిశ కూడా ఉంది. నత్రజని తగినంత అందిన మొక్క ఆకులు వెడల్పుగా, ముదురు ఆకుపచ్చగా పెరుగుతాయి, వేళ్లు విస్తరిస్తాయి. అందువల్ల అదే నీటితో ఎక్కువ పిండిపదార్థం తయారవుతుంది. నత్రజని చాలని పొలంలో ఎన్ని తడులిచ్చినా, నీటిలో కొంత భాగం పలుచని పైరు మధ్య ఖాళీగా కనిపించే నేల నుంచి ఉత్తినే ఆవిరైపోతుంది. అన్నిటికంటే తక్కువగా ఉన్న వనరే దిగుబడికి హద్దు గీస్తుందని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ ప్రచారం చేసిన సూత్రం ఇక్కడ చాలావరకు వర్తిస్తుంది. చాలావరకు అనడానికి కారణం ఉంది. నీరు కొంత తగ్గినా నత్రజని ఆ లోటును కొంత పూడ్చగలదు, పూర్తిగా పూడ్చలేదు. తొలి దశలో అధిక నత్రజనితో విపరీతంగా ఆకు పెంచిన పైరు నేలలోని తేమను ముందే తాగేసి, గింజ కట్టే వేళకు దాహంతో అలమటించడమూ ఉంటుంది. వర్షాధార పొలంలో మోతాదు మించిన ఎరువు అలా నష్టం తెచ్చిపెడుతుంది.

నత్రజని లోపాన్ని గుర్తించడం కష్టం కాదు. మొక్క తన దగ్గరున్న నత్రజనిని ముసలి ఆకుల నుంచి లేత ఆకులకు తరలిస్తుంది. అందువల్ల పసుపు రంగు ముందుగా అడుగు ఆకుల్లో కనిపిస్తుంది. ఆకు కొన నుంచి మొదలై నడిమి ఈనె వెంబడి వెనక్కి, చీలిన బాణం మొనలా పాకుతుంది. పోటాష్ లోపంలోనూ అడుగు ఆకులే పసుపెక్కుతాయి గాని అంచుల నుంచి ఎండుతాయి. నీటి ఎద్దడి ఆనవాలు వేరు. మధ్యాహ్నం ఆకులు గొట్టంలా చుట్టుకుంటాయి. సాయంత్రానికి విచ్చుకుంటే కంగారు లేదు, తెల్లవారినా విచ్చుకోకపోతే తడి ఆలస్యమైందని అర్థం.

పీచు వచ్చే పక్షం రోజులు

మొక్కజొన్నకు కాలం మొత్తం మీద 500 నుంచి 800 మిల్లీమీటర్ల నీరు కావాలని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు నాలుగు వేల లీటర్లు. అంటే తక్కువలో తక్కువ లెక్కేసుకున్నా ఎకరానికి 20 లక్షల లీటర్లు. ఇంత నీటిని పైరు రోజూ సమానంగా తాగదు. మొలకెత్తిన కొత్తలో చాలా తక్కువ, పూత సమయంలో ఎండను బట్టి రోజుకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు, గింజ గట్టిపడ్డాక మళ్లీ తక్కువ.

నీరు ఎంత తగ్గితే దిగుబడి ఎంత తగ్గుతుందన్న లెక్కను అదే సంస్థ 1979లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం దశలవారీగా ఇచ్చింది. మొక్క పెరిగే దశలో నీటి వినియోగం 10 శాతం తగ్గితే దిగుబడి సుమారు 4 శాతం తగ్గుతుంది. గింజ నిండే దశలో 5 శాతం, పక్వ దశలో 2 శాతం. పూత దశలో అదే 10 శాతం లోటు 15 శాతం దిగుబడిని తీసుకుపోతుంది. తడులు పరిమితంగా ఉన్న రైతుకు ఈ నాలుగు అంకెలను మించిన సలహా అక్కర్లేదు.

పూత దశ ఇంత సున్నితం కావడానికి మొక్క నిర్మాణమే కారణం. మగపూత మొక్క తలపైన జల్లుగా వస్తుంది, ఆడపూత నడుమ ఆకు మొదట్లో కండెగా వస్తుంది. కండె కొన నుంచి వేలాడే ప్రతి పీచూ ఒక గింజకు దారి. కండెలో ఆరేడు వందల గింజలు పట్టే చోటుంటే అన్ని పీచులూ బయటికి రావాలి, ప్రతి పీచు మీదా పుప్పొడి రేణువు పడాలి. పీచు దాదాపు నీటితోనే సాగే కణజాలం. నీరు చాలకపోతే జల్లు సకాలానికే పుప్పొడి రాల్చేస్తుంది, పీచు మాత్రం వెనకబడుతుంది. మామూలుగా రెండు మూడు రోజులుండే ఈ ఎడం వారం దాటితే పీచు వచ్చేసరికి పుప్పొడి మిగలదు. కండె అడుగు భాగపు పీచులు ముందు వస్తాయి, కొన భాగపు పీచులు ఆఖరున వస్తాయి. ఎద్దడికి గురైన చేలో కండె కొన బోడిగా ఉండటానికి కారణం ఇదే. ఆ తరువాత ఎన్ని తడులిచ్చినా, ఎంత యూరియా వేసినా పట్టని గింజ తిరిగి రాదు.

మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ అభివృద్ధి కేంద్రం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కరవును తట్టుకునే రకాల ఎంపికకు ఈ ఎడాన్నే కొలమానంగా వాడుతున్నారు. ఎండలోనూ పీచు ఆలస్యం కాని మొక్కలనే ఏరుకుంటూ వచ్చారు. ఆ సంస్థ ఆసియా కార్యక్రమం హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణం నుంచి నడుస్తోంది.

నత్రజని అవసరం కూడా దాదాపు ఈ కాలంలోనే తారస్థాయికి చేరుతుంది. మోకాలెత్తు దశ దాకా మొక్క తీసుకునే నత్రజని స్వల్పం. అక్కడి నుంచి జల్లు వచ్చే వరకు మూడు, నాలుగు వారాల్లో అది శరవేగంగా పీల్చుకుంటుంది. పూత నాటికే మొత్తం అవసరంలో దాదాపు మూడింట రెండొంతులు మొక్కలో చేరి ఉండాలి. కండెలో ఎన్ని వరుసలు ఉండాలన్నది ఇంకా ముందే, మొలకెత్తిన నెల రోజులకు అటూ ఇటూగా తేలిపోతుంది. కనుక మొదటి పైపాటు ఎరువు ఆలస్యమైతే ఆ లోటును తరువాతి మోతాదు పూర్తిగా తీర్చదు.

ఎన్ని విడతలు, ఎన్ని బస్తాలు

తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసుల ప్రకారం వానాకాలంలో ఎకరాకు 72 నుంచి 80 కిలోలు, యాసంగిలో 80 నుంచి 96 కిలోల నత్రజని అవసరం. వానాకాలంలో దీన్ని మూడు సమభాగాలుగా విత్తేటప్పుడు, 30–35 రోజులకు, 50–55 రోజులకు వేయాలి. యాసంగిలో పంట కాలం ఎక్కువ కనుక నాలుగు విడతలు చేస్తారు. యూరియాలో నత్రజని 46 శాతం. ఇప్పుడు వస్తున్న 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. భాస్వరం కోసం వేసే డీఏపీ నుంచి కొంత సమకూరుతుంది కనుక, యాసంగి మొక్కజొన్నకు ఎకరాకు మూడుంబావు నుంచి నాలుగు బస్తాల యూరియా సరిపోతుంది. వాస్తవంలో అంతకు మించి వేసే రైతులు ఎందరో ఉన్నారు.

దీన్ని రైతు అవగాహనారాహిత్యంగా కొట్టిపారేయడం తేలిక. లెక్క వేరేలా ఉంది. వేప పూతతో కలిపి యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. మద్దతు ధరతో పోలిస్తే అది 11 కిలోల మొక్కజొన్న విలువ. అదనంగా వేసిన ఆఖరి బస్తా 20 కిలోల గింజలు ఎక్కువ పండించినా, కూలి పోను రైతుకు నష్టం లేదు. పండించకపోయినా పోయేది కొద్ది సొమ్ము. అంత చవక బీమా మరొకటి దొరకదు. 2010లో పోషకాల ఆధారిత రాయితీ విధానం వచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేలేదు. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరుగుతూ పోగా యూరియా ధర అక్కడే నిలిచిపోయింది. నత్రజని వైపు ఒరిగిన ఈ తక్కెడను పొలంలో సరిచేయమని రైతుకు చెప్పడం కంటే ముందు ధరల్లో సరిచేయవలసి ఉంది. 2025 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో యూరియా కోసం రైతులు రోజుల తరబడి బారులు తీరారు. మోకాలెత్తు దశలో అందవలసిన బస్తా పూత దాటాక అందితే అది ఎంత చవకైనా ప్రయోజనం స్వల్పమే.

ఇఫ్కో సంస్థ 2021లో విపణిలోకి తెచ్చిన నానో యూరియా విషయంలోనూ కూడిక, తీసివేతలే ముఖ్యం. 4 శాతం నత్రజనితో వచ్చిన తొలి అర లీటరు సీసాలో ఉన్నది 20 గ్రాములు. బస్తాలో 20.7 కిలోలు. ఆకుల మీద పిచికారీ చేసిన ఎరువు నేలలో వేసినదానికంటే సమర్థంగా అందవచ్చు. కానీ టన్ను గింజల్లోనే సుమారు 13 నుంచి 15 కిలోల నత్రజని పొలం దాటిపోతుంది. ఆ మేరకు నేల నుంచో, గాలి నుంచో, ఎరువు నుంచో అది రావలసిందే.

పోయేది ఎటు?

వేసిన నత్రజనిలో పైరుకు అందేది మన పొలాల్లో సాధారణంగా మూడో వంతు నుంచి సగం వరకు. తక్కినది మూడు దారుల్లో పోతుంది. ఆ మూడింటికీ తాళం నీటి చేతిలోనే ఉంది.

మొదటిది గాలిలోకి. నేల మీద చల్లిన యూరియాను యూరియేజ్ అనే ఎంజైము కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుస్తుంది. మన తమ్మకాయకు దగ్గరి బంధువైన ఒక చిక్కుడు గింజ నుంచి ఈ ఎంజైమును 1926లో స్ఫటికరూపంలో వేరుచేసిన జేమ్స్ సమ్నర్‌కు తరువాత నోబెల్ బహుమతి దక్కింది. నేల పైపైన తడిగా ఉండి, ఎండ కాస్తూ, ఎరువు మట్టిలోకి దిగకపోతే ఈ అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. క్షార స్వభావం గల నల్లరేగడి నేలల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. బోదె పక్కన వేసి మట్టి కప్పి, వెంటనే తేలికపాటి తడి ఇస్తే ఎరువు కొన్ని అంగుళాలు లోపలికి దిగి నిలుస్తుంది. తడి ఇచ్చాక నిలువ నీటిలో యూరియా చల్లే అలవాటు వరి పొలం నుంచి వచ్చింది, మొక్కజొన్నకు అది తగదు.

రెండో దారి కిందికి. నైట్రేట్‌కు, మట్టి రేణువులకు రెండింటికీ రుణావేశమే కనుక మట్టి దాన్ని పట్టి ఉంచదు. ఎర్ర ఇసుక నేలలో ఒకేసారి భారీ తడి ఇస్తే నీటితోపాటు అది వేళ్లు దాటి దిగిపోయి చివరికి బావిలో తేలుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ మించరాదని భారతీయ ప్రమాణం. పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించే గుణం అధిక నైట్రేట్‌కు ఉంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు అయిదో వంతు ఈ పరిమితి దాటాయి, 440 జిల్లాల్లో సమస్య కనిపించింది. దీనికి మురుగునీరూ, పశువుల ఎరువూ కూడా కారణాలే, నేరమంతా మొక్కజొన్న మీద మోపలేం. కానీ మీట నొక్కితే మోటారు ఆగకుండా పోసే నీరు, ధర తెలియకుండా పడే యూరియా కలిసిన చోట ఫలితం ఊహించదగినదే.

మూడోది ముంపు. నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు లేక కొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ప్రాణవాయువునే వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా వెలువడుతుంది. భూతాపాన్ని పెంచడంలో నూరేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు శక్తిమంతం. మొక్కజొన్న వేళ్లకు వరి వేళ్లలా గాలి గదులు సిద్ధంగా ఉండవు. మొలక దశలో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే పైరు పసుపెక్కి, తేరుకోవడం కష్టమవుతుంది. అందుకే ఇది ఆరుతడి పంట. ఈ మాటలోని ‘ఆరు’ సంఖ్య అనుకుని తడులు ఆరేనా అని అడిగేవారు ఉన్నారు. నేల ఆరాలి, ఆ తరువాత తడవాలి అన్నదే దాని అర్థం. ఒక సాగు పద్ధతి మొత్తాన్ని ఇముడ్చుకున్న సమాసమిది.

రెండు యాసంగులు

వానాకాలపు పంట కంటే యాసంగి మొక్కజొన్న దిగుబడి ఎక్కువ. మబ్బులు తక్కువ, కలుపు తక్కువ, నీరు రైతు అధీనంలో ఉంటుంది. దేశంలో దీనికి రెండు పెద్ద ఆవరణలు ఉన్నాయి. ఒకటి బిహార్‌లోని కోసీ పరీవాహకం, రెండోది కోస్తాంధ్ర.

పూర్ణియా, కటిహార్, మధేపురా, ఖగడియా జిల్లాల ఒండ్రు నేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తిన మొక్కజొన్న ఏప్రిల్, మే నెలల్లో కోతకు వస్తుంది. అక్కడి నుంచి పూర్ణియాలోని గులాబ్‌బాగ్ మండీకి చేరుతుంది. డిసెంబరు, జనవరి నెలల చలిలో పైరు దాదాపు స్తంభించిపోతుంది, వేళ్లు నత్రజనిని తీసుకోవు. చలికి ముందే మోతాదు మొత్తం కుమ్మరిస్తే ఇసుక కలిసిన ఒండ్రులో అది నిలవదు. ఫిబ్రవరిలో పైరు ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు ఎరువు, తడి రెండూ సిద్ధంగా ఉండాలి. నీరు కొద్ది అడుగుల లోతులోనే దొరికినా దాన్ని తోడే పంపుకు గంటల లెక్కన అద్దె చెల్లించే సన్నకారు రైతు ఒక తడిని ఎగ్గొట్టాలని చూస్తాడు. అది పూత తడి కాకుండా చూసుకోవడంలోనే అతని లాభనష్టాలు ఉన్నాయి.

కృష్ణా డెల్టాలో కథ వేరు. గుంటూరు ప్రాంతపు మాగాణుల్లో వరి కోసిన తరువాత మినుము చల్లడం ఆనవాయితీ. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి మినుమును దెబ్బతీయడంతో 2000 దశకంలో రైతులు దుక్కి లేకుండానే, వరి మోళ్ల మధ్య కర్రతో గుంట చేసి మొక్కజొన్న నాటడం మొదలుపెట్టారు. దున్నే ఖర్చు, పక్షం రోజుల సమయం మిగిలాయి, నేలలోని తేమ మొలకకు పనికొచ్చింది. అయితే నత్రజని లెక్క మారింది. కుళ్లుతున్న వరి మోళ్లు, గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడుకోవడంతో లేత పైరు ఆకలిగొంటుంది. అందుచేత ఇక్కడ తొలి విడతను మొక్క మొదలు దగ్గరే వేయవలసి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలువ నీరు తగ్గే సమయానికి పీచు వస్తుంది. విత్తడం ఎంత ఆలస్యమైతే బోరు మీద ఆధారం, ఎండ తాకిడి అంత పెరుగుతాయి. పుప్పొడి రాలే వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటిన కొద్దీ దాని జీవశక్తి తగ్గుతుంది. ఆ ఇబ్బందిని ఎరువు తీర్చలేదు.

బిందు సేద్యంలో తడినీ నత్రజనినీ ఒకే గొట్టం ద్వారా, పైరు తాగే వేగంతో అందించవచ్చు. నాలుగు విడతలకు బదులు పదీ పన్నెండు చిన్న మోతాదులు సాధ్యమవుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం పండ్ల తోటలతోపాటు మిరప, చెరకులకు మేలు చేసింది. మొక్కజొన్నలో మాత్రం ఇది ఇంకా పెద్దగా విస్తరించలేదు. మూడు నెలల్లో కోసే పంటకు గొట్టాలు పరచి, తీసి, దాచుకోవడానికి అయ్యే శ్రమను రైతు లెక్కలోకి తీసుకుంటాడు. బోరులో నీరు అడుగంటిన ఎర్ర నేలల్లో ఆ శ్రమకు ఫలితం ఉంది. కాలువ కింది మాగాణిలో బోదెలు తోలి, ఒక కాలువ విడిచి ఒక కాలువకు నీరు పెట్టే పద్ధతి ఖర్చు లేకుండానే చాలా నీటిని ఆదా చేస్తుంది. ఎరువును ఆ తడి పెట్టే వైపు వేస్తే సరి, పొడిగా వదిలిన కాలువలో వేస్తే అది వేరుకు అందదు.

ఇక ఎరువు అక్కర్లేని మొక్కజొన్న మాటేమిటి? మెక్సికోలోని ఒహాకా రాష్ట్రం, సియెర్రా మిహే కొండల్లో స్థానికులు పండించే ఒక దేశవాళీ రకం కాండం నుంచి గాలిలో వేలాడే వేళ్లు వేస్తుంది. వాటి నుంచి జిగురు కారుతుంది, ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. మొక్క అవసరంలో 29 నుంచి 82 శాతం వరకు ఇలా సమకూరుతోందని 2018లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. ఆ గుణాన్ని సంకర రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. అయితే ఆ రకం కోతకు రావడానికి నెలల తరబడి ఎక్కువ సమయం పడుతుంది, జిగురు ఊరడానికి గాలిలో తేమ సమృద్ధిగా ఉండాలి.